పద్నాలుగు అంబులెన్సులు, పంతొమ్మిది కిలోమీటర్ల దిగుడు

ఉదయం 7 గంటల 42 నిమిషాలకు కొండ పైనుంచి బయలుదేరాం. బయట 6 డిగ్రీల సెల్సియస్. రోడ్డు పొడిగా ఉంది. వాహనం బరువు 6,100 కిలోలు. కింది మలుపు వరకు 5.1 మైళ్ళు, అంటే 8.2 కిలోమీటర్లు. ఆ దూరంలో రోడ్డు 560 మీటర్లు కిందికి దిగుతుంది. ముందు చక్రాల బ్రేకు డిస్కుల వేడి మొదటి మైలు చివర 171 డిగ్రీలు, రెండో మైలు చివర 288, మూడో మైలు చివర 402. 3.9 మైళ్ళ దగ్గర, 486 డిగ్రీల వద్ద, డ్రైవరు కాలి కింద పెడల్ నేలను తాకింది. గంటకు 35 మైళ్ళ వేగం తొమ్మిది సెకన్లలో 46కి చేరింది. నాలుగో మైలురాయి దగ్గర, బ్రేకులు తప్పిన లారీల కోసం రోడ్డు పక్కన కంకర పోసి కట్టిన ఎగువ దారి ఉంది. డ్రైవరు వాహనాన్ని అందులోకి తిప్పాడు. 54 మీటర్లు కంకరలోకి చొచ్చుకుపోయి, 7 గంటల 49 నిమిషాలకు ఆగాం.

లోపల ముగ్గురం ఉన్నాం. స్టీరింగు దగ్గర సార్జెంట్ మేజర్ ఎలియాస్, పక్క సీట్లో నేను, వెనక, మనుషుల బరువుకు బదులు పేర్చిన ఎనిమిది ఇసుక మూటల మధ్య కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని మా విభాగపు ఇంజనీరు లావణ్య. ఎవరికీ దెబ్బ తగలలేదు. మొదట నోరు విప్పింది లావణ్యే.

"ఆంటీ, డేటా మొత్తం సేవ్ అయింది. నేనే ఇంకా కాలే."

ఎలియాస్ ఇంజను ఆపి, కిటికీలోంచి కింది లోయను చూశాడు. "మా కొండ మీదైతే ఇంకా దాదాపు పదమూడు కిలోమీటర్లు మిగిలి ఉండేవి, మేడమ్ ఇంజనీర్" అని నాతో అన్నాడు.

ఆ వాహనపు బ్రేకులు సురక్షితమని నివేదిక మీద సంతకం చేసింది నేను. ఇది 2010 అక్టోబరులో, వెస్ట్ వర్జీనియా కొండల్లో జరిగింది. 2001 నుంచి 2015 వరకు అమెరికాలో వాహనాల బ్రేకులు పరీక్షించడమే నా ఉద్యోగం. ఆ పద్నాలుగేళ్ళలో ఈ వృత్తిలోకి వచ్చే వారికి చెప్పదగినది ఏదైనా నేర్చుకున్నానంటే, అందులో చాలాభాగం ఈ ఒక్క పనిలో నేర్చుకున్నాను. అందుకని మిగతా పనులను పక్కన పెట్టి దీన్నే రాస్తున్నాను.

గుట్ట ఎక్కడుంది?

మాది మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో నలభై ఒక్క మంది పనిచేసే చిన్న సంస్థ. పెద్ద కంపెనీల దగ్గర లారీ చట్రాలు తీసుకుని, వాటి మీద ప్రత్యేక వాహనాలు కట్టి ఇచ్చేవాళ్ళం. అంతకు ముందు రెండేళ్ళలో డెట్రాయిట్ చుట్టుపక్కల మాలాంటి వర్క్‌షాపులు వరసగా మూతపడ్డాయి. మాకు మిగిలిన పెద్ద పని ఒక్కటే: ఆఫ్రికాలోని ఒక చిన్న దేశపు సైన్యానికి పద్నాలుగు అంబులెన్సులు. ఒప్పందంలోని ఒక నిబంధన నన్ను ఇప్పటికీ కట్టి ఉంచుతుంది కనుక ఆ దేశం పేరు రాయను.

ఆ సైన్యం గురించి మాత్రం చెప్పాలి. మొత్తం రెండు బెటాలియన్లు, ఒక ఇంజనీరింగ్ దళం, రెండు హెలికాప్టర్లు. ఆ రెండింటిలో ఎగిరేది ఒకటి. రెండోది మొదటిదానికి విడిభాగాలు ఇచ్చేది. దళాలు ఎత్తైన పీఠభూమి మీద సరిహద్దులో ఉంటాయి. ఆసుపత్రి కింద, నది ఒడ్డున ఉంటుంది. మధ్యలో పంతొమ్మిది కిలోమీటర్ల కొండ దారి, పన్నెండు వందల మీటర్ల దిగుడు. గాయపడినవాడు బతకాలంటే ఆ దారి దిగాలి.

వాహనాలను పరీక్షించి తీసుకోవడానికి వాళ్ళు అధికారిని పంపలేదు. అక్కడి ఆచారం ప్రకారం వాహనాన్ని ఒప్పుకునేది దాన్ని నడిపేవాడు. ఒప్పుకున్నాక డ్రైవరు తలుపు లోపలి వైపు తన పేరు తన చేత్తో రాస్తాడు. ఆ పేరు లేని వాహనాన్ని వాళ్ళ శిబిరం గేటు దాటనివ్వరు, జనరల్ చెప్పినా సరే. పద్నాలుగు మంది డ్రైవర్ల తరఫున, వాళ్ళలో ఒకడిగా వచ్చినవాడే ఎలియాస్. యాభై దాటిన మనిషి. ఇరవై ఆరేళ్ళు మెకానిక్, ఆపైన వాహన విభాగానికి పెద్ద.

మొదటి రోజు అతన్ని పరీక్షా మైదానానికి తీసుకెళ్ళాను. గుండ్రటి ట్రాకు, గీత గీసినంత సమతలం. అరవై మైళ్ళ వేగం నుంచి పదిహేను సార్లు వరసగా ఆపి చూపించాం. పదిహేనోసారి కూడా మొదటిసారి ఆగినంత దూరంలోనే ఆగింది. కాగితాలు అతని చేతికిచ్చాను. అతను వాటిని మర్యాదగా మడిచి జేబులో పెట్టుకుని, నాలుగు వైపులా చూసి అడిగాడు.

"గుట్ట ఎక్కడుంది?"

"మిషిగన్‌లో గుట్టలు లేవు, సార్జెంట్ మేజర్. మాకు గుట్ట కంప్యూటర్‌లో ఉంటుంది" అన్నాను. అని నవ్వాను కూడా.

నా ఉద్యోగ జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాటలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మొదటిది ఇదే. మైదానంలో పరీక్ష తప్పు కాదు. కానీ ఒక ఆపుకూ మరో ఆపుకూ మధ్య గాలి తగిలి డిస్కులు చల్లబడతాయి. కొండ దిగేటప్పుడు ఆ విరామం ఉండదు. దిగినంతసేపూ బరువు వేడిగా మారుతూనే ఉంటుంది. ఈ లెక్క నాకు తెలియనిది కాదు, కాలేజీలో చేసిందే. నిర్దేశ పత్రంలో 'పదిహేను ఆపులు' అని ఉంది కనుక పదిహేను ఆపులు చేశాను. పత్రం రాసిన సలహాదారు ఆ కొండ చూశాడా అని అడగలేదు. 'పాస్' అని రాసి సంతకం పెట్టాను.

బల్ల దగ్గర బయటపడిన బరువు

రెండో తప్పు ఇంకా సిగ్గుపడాల్సినది. అది చర్చి భోజనాల దగ్గర బయటపడింది.

ఆదివారం హోటల్ గదిలో ఒంటరిగా ఉంటాడని ఎలియాస్‌ను మా తెలుగు సంఘానికి పిలిచాను. అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో రెండు గంటల తెలుగు ఆరాధన అంతా, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నిటారుగా కూర్చుని విన్నాడు. తర్వాత బిర్యానీ దగ్గర మా వాళ్ళు అతన్ని వదల్లేదు.

"రూతమ్మా, ఆయనకి ఇంకో ముక్క వెయ్యి. సైన్యంలో ఏం పెడతారో ఏంటో, బక్కచిక్కిపోయాడు" అన్నారు భీమవరం నుంచి వచ్చిన మార్తమ్మ గారు.

"ఆయన బరువు ఎనభై నాలుగు కిలోలు, మార్తమ్మ గారూ" అన్నాను.

"నీకు మనుషుల్ని చూసినా కిలోలేనా తల్లీ!"

అంతలో పెద్దాయన ఒకరు కళ్ళు తిరిగి కూలబడ్డారు. ప్రమాదం కాదు, షుగరు పడిపోయింది. అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నారు. ఒక్క నిమిషంలో మూడు కార్లు బయలుదేరాయి. ఒక్క రోగికి తొమ్మిది మంది తోడు. ఎలియాస్ చేతిలో ప్లేటుతో అదంతా చూసి, మొదటిసారి మనసారా నవ్వాడు.

"మీరూ ఇంతేనా! ఇక్కడి వాళ్ళు ఒంటరిగా ఎలా వెళ్తారో నాకు అర్థం కాదు. మా సైన్యంలో గాయపడినవాడు ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళడు. అతని దళం నుంచి ఒకరు తోడు ఎక్కుతారు. ఆసుపత్రి మంచం దాకా చెయ్యి వదలరు. అది మా మొదటి నియమం, తుపాకీ నియమాల కన్నా ముందుది."

గరిటె కింద పెట్టాను. "ఒక్కో రోగికి ఒక్కొక్కరా?"

"అవును. నలుగురు పడుకుంటే నలుగురు కూర్చుంటారు."

"ఎక్కడ కూర్చుంటారు?"

"నేల మీద. తుపాకీ, సంచీ, నీళ్ళ డబ్బాతో. ఇది మీ పత్రంలో లేదా?"

లేదు. నలుగురు రోగులు, ఒక వైద్య సహాయకుడు, ఒక డ్రైవరు, వాహనంతో కలిపి: 5,640 కిలోలు. తోడు వచ్చేవారు, వారి సామాను, నీళ్ళు కలిపితే 6,100. పత్రం రాసిన సలహాదారుకు ఆ సంగతి తట్టకపోవడం నాకు ఆశ్చర్యం కాదు. నాకు తట్టకపోవడమే ఆశ్చర్యం. మా నరసాపురం ఆసుపత్రిలో మంచం పక్కన చాప లేని రోగిని నేను ఎన్నడూ చూడలేదు. మా నాన్నగారి ఆపరేషనుకు నేనే పదకొండు రోజులు ఆ చాప మీద పడుకున్నాను. తొమ్మిదేళ్ళుగా అమెరికా పత్రాల ప్రకారం లెక్కలు వేసి వేసి, ఆ చాప బరువు మరచిపోయాను.

మరునాడు కొండ వెతకమని లావణ్యకు చెప్పాను. ఆమె వరంగల్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చి మా దగ్గరే ఉద్యోగంలో చేరింది. ఆఫీసులో అందరూ ఒకరినొకరు పేరుతో పిలుచుకోవాలి. నన్ను 'రూత్' అనడానికి ఆ అమ్మాయికి నోరు రాక, ఆఫీసులో అసలే పిలవకుండా దగ్గరికి వచ్చి దగ్గేది. మ్యాప్ తీసుకుని వచ్చి దగ్గింది.

"ఏడు గంటల డ్రైవ్‌ల ఒకటి దొరికింది. ఐదు మైళ్ళే. వాళ్ళది పంతొమ్మిది కిలోమీటర్లు కదా, సరిపోతదా?"

"ఐదు మైళ్ళలో వేడి పెరగడం ఆగిందనుకో, పంతొమ్మిదికైనా సరిపోతుంది. ఆగకపోతే ఐదే చాలు, మనకు తెలియడానికి."

ఆగలేదు. అది మొదట్లోనే చెప్పాను.

కంకరలో నిలబడి విన్నది

వాహనాన్ని లాగడానికి బండి వచ్చేసరికి గంటన్నర పట్టింది. కంకరలో నిలబడి ఎలియాస్ తన సంగతి చెప్పాడు. అంతకు నాలుగేళ్ళ ముందు వాళ్ళు పాత లారీనే అంబులెన్సుగా వాడేవారు. ఒక ఉదయం తొమ్మిదో కిలోమీటరు దగ్గర దాని బ్రేకులు తప్పాయి. ఏడుగురు పోయారు: ముగ్గురు గాయపడినవారు, ముగ్గురు తోడు, డ్రైవరు.

"ఆ ఉదయం ఆ లారీని చూసి 'బాగుంది' అన్నది నేనే. వర్క్‌షాపు ముందు చదునుగా ఉన్న చోట చూశాను" అన్నాడు.

నా ముఖం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. నేనూ చదునుగా ఉన్న చోటే చూశాను.

సంతకం వెనక్కి తీసుకోవడం

మా యజమాని, ప్రధాన ఇంజనీరు ఒక్కడే: డెనిస్. అందరూ అనుకునే రకం చెడ్డ బాసు కాదు. జీతాలు ఆగకూడదని ఆ ఏడాది తన ఇల్లు తాకట్టు పెట్టాడు. అలాంటి మనిషి భయపడితే ఏం మాట్లాడతాడో చెబుతాను. ఏదో ఒక రోజు మీరూ వింటారు.

"రూత్, స్పెక్‌లో నలుగురే ఉన్నారు. మనం స్పెక్ మీట్ అయ్యాం. వాళ్ళు ఓవర్‌లోడ్ చేసుకుంటే అది వాళ్ళ ఇష్టం. షిప్ పన్నెండు రోజుల్లో బయలుదేరుతుంది. ఇది మిస్ అయితే నలభై ఒక్క కుటుంబాలు రోడ్డు మీద పడతాయి."

ప్రతి మాటా నిజమే. ఒక కాగితం అతని బల్ల మీద పెట్టాను. అందులో మూడు వాక్యాలు. ఫలానా నివేదికలో బరువు తప్పు. పరీక్షా విధానం ఆ దారికి సరిపోదు. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ వృత్తిలోకి వస్తున్నవారు ఆ కాగితం రాయడం ముందే నేర్చుకోండి. కోపం ఉండకూడదు, క్షమాపణ ఉండకూడదు, ఎవరి పేరూ ఉండకూడదు, మీ పేరు తప్ప. సంతకం పెట్టడం అందరూ నేర్పుతారు, తీయడం ఎవరూ నేర్పరు.

"నన్ను బెదిరిస్తున్నావా?" అన్నాడు డెనిస్.

"లేదు. తోడు వచ్చేవాళ్ళు కూర్చునే చోటు మీకు చూపిద్దామనుకుంటున్నాను."

అతన్ని ఆ కొండకు తీసుకెళ్ళాం. పోయినసారి వేడికి మరిగిపోయిన బ్రేకు ద్రవం తీసేసి కొత్తది పోసి, రెండు మైళ్ళ తర్వాత ఆగేట్టు నిర్ణయించుకుని, డెనిస్‌ను వెనక, తోడు వచ్చేవాడు కూర్చునే చోట, నేల మీద కూర్చోబెట్టాను. ఒక చేత్తో స్ట్రెచర్ కడ్డీ పట్టుకోమన్నాను. రెండో మైలుకు కాలిన బ్రేకు వాసన లోపలికి వచ్చింది. ఎలియాస్ పక్కకు తీసి ఆపాడు. డెనిస్ దిగి, చొక్కా వాసన చూసుకున్నాడు.

"ఇలా ఎంతసేపు కూర్చుంటారు వాళ్ళు?"

"ఇరవై తొమ్మిది నిమిషాలు" అన్నాడు ఎలియాస్.

"షిప్‌ను క్యాన్సిల్ చెయ్యి, రూత్. తర్వాతి దాంట్లో బుక్ చేద్దాం. వీళ్ళకి కూర్చోడానికి సరైన సీట్లు కూడా లేవేంటి?"

సీట్ల మాట నాకన్నా ముందు అతని నోటి నుంచి వచ్చింది. అతన్ని మంచి బాసు అని ఈ రోజు రాయడానికి కారణం అదే.

లైను పడుకున్న రోజు

పరిష్కారంలో కొత్తదేమీ లేదు. కొండ ప్రాంతాల లారీ డ్రైవర్లందరికీ తెలిసినదే. పెడల్ బ్రేకుతో కాకుండా ఇంజనుతో వేగం పట్టి ఉంచాలి. ఇంజను పొగ గొట్టంలో ఒక మూత అమర్చాం. దిగేటప్పుడు అది మూసుకుని, పొగ బయటికి పోకుండా ఇంజనునే బ్రేకుగా మారుస్తుంది. గేర్‌బాక్సు దానంతట అది పై గేరుకు పోకుండా సరిచేశాం. ఎక్కువ వేడికి మరిగే ద్రవం పోశాం. నేల మీద కూర్చునే చోట మడత సీట్లు నాలుగు, బెల్టులతో, ప్రతి స్ట్రెచర్ తల వైపు ఒకటి అమర్చాం. కూర్చున్నవాడి చెయ్యి పడుకున్నవాడి చేతికి అందాలి: ఈ కొలత ఎలియాస్ ఇచ్చాడు, 48 సెంటీమీటర్లు. డ్రాయింగులో ఆ కొలత పక్కన 'మార్చరాదు' అని రాశాను.

నవంబరులో ఉదయం 8 గంటల 5 నిమిషాలకు అదే కొండ, అదే 6,100 కిలోలు, గాలి ఉష్ణోగ్రత 3 డిగ్రీలు. మొదటి మైలు చివర 118 డిగ్రీలు. రెండో మైలు, 176.  మూడో మైలు, 209. వెనక లావణ్య ఊపిరి వినపడుతోంది. నాలుగో మైలురాయి. పోయినసారి తిరిగిన కంకర దారి కుడి పక్కన దాటిపోయింది. 

"చెప్పు లావణ్యా, ఎంత?"

"రెండు వందల పద్నాలుగే ఆంటీ."

"ఇప్పుడు?"

"అంతే ఉంది. పెరుగుతలేదు. ఆంటీ, లైను పండుకుంది! సాఫ్‌గ పండుకుంది!"

ఎలియాస్ వెనక్కి తిరగలేదు. కుడి కాలు పెడల్ మీద నుంచి తీసి, బూటు అందరికీ కనిపించేలా నేల మీద పెట్టాడు. మిగిలిన మైలు మొత్తం అలాగే దిగాడు. వాహనం 25 మైళ్ళ వేగాన్ని తనంతట తానే పట్టుకుని, సంసారపక్షపు మనిషిలా నెమ్మదిగా కిందికి నడిచింది. గ్రాఫు మీద అలా పడుకున్న గీత కన్నా అందమైన గీత నేను చూడలేదు. వేడి పుట్టినంతా బయటికి పోతోందని దాని అర్థం. ఇక దారి ఎంత పొడవైనా ఒకటే.

కింద డెనిస్ కాఫీ కప్పులతో నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది?" అని కేక వేశాడు.

"మళ్ళీ" అన్నాడు ఎలియాస్.

ఆ రోజు తొమ్మిది సార్లు దిగాం. అయిదోసారి నుంచి డెనిస్ మడత సీట్లో కూర్చుని వచ్చాడు. ఏడోసారికి నిద్రపోయాడు. తొమ్మిదోసారి దిగాక ఎలియాస్ జేబులోంచి నల్ల రంగు పెన్ను తీసి, తలుపు తెరిచి, లోపలి వైపు తన పేరు రాశాడు. మిగతా పదమూడింటి మీద రాయలేదు. "అవి వేరేవాళ్ళవి. వాళ్ళు దిగి చూసి రాసుకుంటారు" అన్నాడు. పెన్ను నా చేతికిచ్చి, తన పేరు కింద చోటు చూపించాడు.

"డ్రైవర్లే రాయాలి కదా?"

"తోడు వచ్చినవాళ్ళు కూడా రాయొచ్చు."

తెలుగులో రాశాను. అక్కడ ఆ లిపి ఎవరికీ రాదు. పర్వాలేదన్నాడు.

పద్నాలుగు వాహనాలూ ఇరవై ఆరు రోజులు ఆలస్యంగా ఓడ ఎక్కాయి. పదమూడు మంది డ్రైవర్లూ తమ కొండ దిగి చూసి, పదమూడు తలుపుల మీద పేర్లు రాసుకున్నారని ఎలియాస్ ఫోన్ చేశాడు. సంస్థ నిలబడింది. ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఆ మరుసటి ఏడాది మరో రెండు దేశాలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి మొదట అడిగింది ఆ మడత సీట్ల గురించే.

కొత్తగా వచ్చేవారికి నా దగ్గర పెద్ద సూత్రాలు లేవు. పత్రం ఎవరు రాశారో కనుక్కోండి. దాన్ని వాడేవాడితో ఒక పూట భోజనం చేయండి. అతను గుట్ట ఎక్కడుందని అడిగితే నవ్వకండి.

2015లో, నేను ఉద్యోగం విడిచిన నెలలో, ఎలియాస్ నుంచి ఒక పేజీ వచ్చింది. నాలుగేళ్ళు ఆ పద్నాలుగు వాహనాల లెక్కను అతను తన చేత్తో రాసి ఉంచాడు. మా వైపు లెక్కను ముందు చేర్చి ఇక్కడ దించుతున్నాను.

కొండ పరీక్షల్లో అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లు: పదకొండు జతలు.

పగిలిన డిస్కులు: రెండు.

వెనక్కి తీసుకున్న సంతకాలు: ఒకటి.

ఆలస్యం: ఇరవై ఆరు రోజులు.

కొండ దిగిన సార్లు: 1,906.

దింపిన రోగులు, గాయపడినవారు: 3,411 మంది.

తోడు వచ్చినవారు: 3,398 మంది. పదమూడు మందికి తోడు రావడానికి వారి దళంలో ఎవరూ మిగలలేదు.

ఆసుపత్రి చేరేలోపు దారిలో మరణించినవారు: 207 మంది.

పోయిన వాహనాలు: మూడు. ఒకటి మందుపాతరకు, ఒకటి నది వరదకు, ఒకటి అగ్నికి.

మరణించిన డ్రైవర్లు: ఇద్దరు.

తోడు సీట్లో మరణించినవారు: ఒకరు.

దిగుడులో బ్రేకులు తప్పి మరణించినవారు: ఎవరూ లేరు.